కాలువ కట్టేసిన నెలలో నాలుగో బాప్తిస్మం అడిగినావిడ (ఒక కేస్ స్టడీ)

2024 మే రెండో వారం. మా డెల్టాలో ఆ రోజుల్లో కాలువలు కట్టేసి ఉంటాయి. అడుగున మట్టి పగుళ్ళిచ్చి, గుర్రపుడెక్క ఎండిపోయి, పిల్లలు అందులోనే క్రికెట్ ఆడుతుంటారు. మా సహవాసానికి బాప్తిస్మపు తొట్టి లేదు, ఎవరికివ్వాలన్నా కాలువే. అలాంటి ఎండలో మధ్యాహ్నం రెండింటికి ఒకావిడ మా ఇంటికొచ్చి, మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకునే, తాగకుండా, "అయ్యగారండీ, నాకు బాప్తిస్మం ఇస్తారా" అని అడిగారు. నీళ్ళు వదిలాక జూన్‌లో చూద్దామమ్మా అన్నాను.

"అప్పటిదాకా నేను బతక్కపోతేనండీ?"

నవ్వుతూ అనలేదు ఆ మాట. తర్వాత తెలిసింది, ఆవిడకి అప్పటికే మూడు బాప్తిస్మాలు అయిపోయాయని. పసిపిల్లప్పుడు చిలకరించినది ఆ లెక్కలో లేదు.

ఇరవై ఏళ్ళకి పైగా పాస్టరుగా సేవలో ఉన్నాను. నిజంగా నమ్మినవాళ్ళని దేవుడు చివరిదాకా నిలబెడతాడని (నిలకడ సిద్ధాంతం అంటాం దీన్ని) నమ్ముతాను, అదే బోధిస్తాను. కానీ నేను నమ్మే ఈ సిద్ధాంతాన్నే చేతకాని వైద్యుడిలా వాడి ఒక మనిషిని ఇంకా కంగారుపెట్టాను కాబట్టి, తోటి సేవకులకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఆవిడ చదివి ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ముందు సంగతి

ఆవిడకి అప్పటికి 43 ఏళ్ళు. తల్లి తరఫు వాళ్ళది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం, 1842లో హేయర్ దొర వచ్చి మొదలుపెట్టిన మిషన్ తాలూకు సంఘాల్లో పెరిగినవాళ్ళు. తర్వాత కుటుంబం డెల్టాకి వచ్చి ఇక్కడి బ్రదరన్ సహవాసంలో కలిసింది. నర్సాపురం చుట్టుపక్కల బ్రదరన్ వాళ్ళ వేళ్ళు లోతుగానే ఉన్నాయి. 1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ పిలుపు మీద ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు కుటుంబాలతో ఓడెక్కి వచ్చినప్పటి నుంచీ ఉన్న పని అది. అక్కడే ఈవిడకి 19వ ఏట కాలువలో బాప్తిస్మం అయింది, అదే రోజు 16 ఏళ్ళ తమ్ముడికి కూడా. ఆ తమ్ముణ్ణి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు. పెళ్ళయ్యాక అత్తగారి ఊళ్ళో దగ్గర్లో ఉన్న పెంతెకొస్తు మందిరానికి వెళ్ళేవారు.

అంటే ఒక మనిషి మూడు సంఘాల్లో మూడు మాటలు విన్నది. విశ్వాసి నిజంగానే విశ్వాసం పోగొట్టుకోగలడంటారు లూథరన్లు. వాళ్ళ విశ్వాస ప్రకటన, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, పన్నెండో అంశంలోనే, ఒకసారి నీతిమంతులుగా తీర్చబడినవాళ్ళు పరిశుద్ధాత్మను కోల్పోరు అనే బోధని తోసిపుచ్చారు. ఒకసారి రక్షణ అంటే శాశ్వత రక్షణే అంటారు బ్రదరన్ వాళ్ళు. పడిపోతే పోయినట్టే, మళ్ళీ మొదటి నుంచి రావాలి అన్నారు ఆవిడ వెళ్ళిన పెంతెకొస్తు మందిరంలో. మామూలు రోజుల్లో ఈ మూడూ గొడవ పడకుండా తలలో సర్దుకుని ఉంటాయి. కష్టమొచ్చినప్పుడు వాటిలో అన్నిటికన్నా కఠినమైనదే గొంతు పెంచుతుంది. ఇది నేను చాలామందిలో చూశాను.

కష్టం 2021లో వచ్చింది. ఆ ఏడు జనవరి ఒకటి వేకువన ఆరాధన అయ్యాక పళ్ళెంలోంచి తీసుకున్న వాగ్దానం కార్డు మీద "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే" అని ఉంది. బీరువా అద్దానికి అంటించుకున్నారు. మే నెలలో భర్తకి కరోనా వచ్చింది, ఆక్సిజన్ బెడ్ కోసం రెండు రోజులు తిరిగారు, మూడో రోజు పోయాడు. దినకార్యాలయ్యాక ఒక రాత్రి ఆ కార్డు పీకి, చింపి, పొయ్యిలో పడేసి, "నువ్వు లేవు. ఉన్నా నాకొద్దు" అన్నారు. గట్టిగానే అన్నారట, పక్కింటివాళ్ళకి వినబడేలా.

ఏడాది మామూలుగా గడిచింది. 2022లో ఎవరో ఫోన్‌లో పంపిన ప్రసంగం ఒకటి విన్నారు, హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం మీద. ఒకసారి వెలిగింపబడి, వరము రుచిచూసి, తప్పిపోయినవాళ్ళని మళ్ళీ మారుమనస్సుకి తేవడం అసాధ్యం అనే భాగం. ఆ "అసాధ్యము" అన్న మాట పట్టుకుంది ఆవిణ్ణి. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. అదే ఏడు ఒక చోట బాప్తిస్మం తీసుకున్నారు, రెండు నెలలు బాగుంది, మళ్ళీ భయం. 2023లో ఇంకో చోట తీసుకున్నారు, ఈసారి రెండు వారాలే బాగుంది. నా దగ్గరికొచ్చేసరికి ఏడాదిన్నరగా ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం ముట్టలేదు, అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అని. ఒకటే క్షమాపణ ప్రార్థన రాత్రికి ముప్పై నలభై సార్లు చేస్తారు, మధ్యలో ఒక మాట తడబడితే మళ్ళీ మొదటి నుంచి. టైలరింగ్ చేస్తారు ఆవిడ. జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టేసి మళ్ళీ విప్పడం ఆ రోజుల్లో మామూలైపోయిందని తర్వాత నవ్వుతూ చెప్పారు.

నేను చేసిన పొరపాట్లు

ఆ రోజు ఇదంతా వినలేదు నేను. సగం విని, ఇది సిద్ధాంతం తెలియక వచ్చిన భయం, సిద్ధాంతం చెప్తే పోతుంది అనుకున్నాను. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పద్నాలుగు వచనాలు పంపాను. యోహాను 10:28, 29, రోమా 8 చివరి వచనాలు, ఫిలిప్పీ 1:6, యూదా 24, ఇలా. పెద్ద పని చేసినట్టు పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు అన్నది గొర్రెల గురించి కదండీ. నేను గొర్రెనో కాదో తెలియకే కదా నా టెన్షన్."

నా దగ్గర జవాబు లేదు. ఆ వచనంలో యేసు గొర్రెలన్నది తనవాళ్ళని, ఆ గొర్రెలు నశించవు అన్న సంగతి ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. దాని మీద అనుమానమే లేదు. ఆ మందలో తన పేరుందా అన్నదే ప్రశ్న. రక్షణ పోదు అని ఎంత గట్టిగా చెప్తే ఆవిడకి అంత భయం, ఎందుకంటే అప్పుడు లెక్క ఇలా తిరుగుతుంది: నిజమైన విశ్వాసులు పడిపోరు, నేను పడిపోయాను, కాబట్టి నేను ఏ రోజూ విశ్వాసిని కాదు. నిలకడ సిద్ధాంతాన్ని ఓదార్పు అనుకుని పంచేవాళ్ళం దాని ఈ రెండో అంచుని చూసుకోం. పడిపోతే మళ్ళీ రావచ్చు అనే బోధలో కనీసం మళ్ళీ రావడానికి ఒక తలుపుంటుంది, మన బోధని తప్పుగా వింటే ఆ తలుపు కూడా మూసుకుపోతుంది. ఇది ఒప్పుకోవడానికి నాకు కొంచెం టైం పట్టింది.

రెండో పొరపాటు ఇంకా సిగ్గుపడాల్సింది. "అమ్మా, మీరు రక్షణ పొందిన తేదీ ఏది?" అని అడిగాను. మన వైపు ఇది అందరం అడిగే ప్రశ్నే, సాక్ష్యం చెప్పేటప్పుడు తేదీ చెప్పకపోతే ఏదో లోటులా చూస్తాం. ఆవిడ సంచిలోంచి కొలతలు రాసుకునే చిన్న నోటుపుస్తకం తీశారు. చివరి పేజీలో మూడు తేదీలు, మొదటి రెండూ కొట్టేసి ఉన్నాయి, మూడోదాని పక్కన ప్రశ్న గుర్తు. ఆ పేజీ చూశాక మళ్ళీ ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు నేను. మనిషి క్రీస్తుని పట్టుకోవాల్సిన చోట క్యాలెండర్‌ని పట్టుకోమని నేర్పింది మనమే.

మూడోది ఫోన్లు. రోజుకి పది, పదకొండు. "అయ్యగారండీ, నేను నరకానికి పోతానంటారా?" "పోరమ్మా, మీరు ప్రభువు బిడ్డ." పెట్టేస్తారు. గంటన్నరకి మళ్ళీ అదే. నేను విసుక్కోకుండా ప్రతిసారీ ధైర్యం చెప్పాను, అది ప్రేమ అనుకున్నాను. మూడు వారాలకి ఆవిడ చిక్కిపోయారు, ఫోన్లు పదిహేనయ్యాయి.

డాక్టర్ గారి దగ్గర

మా ఆవిడే అంది, ఇది ప్రార్థన ఒక్కదాంతో అయ్యేది కాదండీ, డాక్టర్‌కి చూపిద్దాం అని. విశ్వాసులకి పిచ్చి డాక్టరేంటి అని మన దగ్గర ఒక మాట ఉంది కదా, నాలోనూ కొంత ఉంది. అయినా ఆవిడ పిన్నిని తోడు తీసుకుని జిల్లా కేంద్రంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాం. ఆయన హిందువు. ఓపిగ్గా గంటసేపు విని, ఇది ఓసీడీలో ఒక రకం అన్నారు. చేతులు పదేపదే కడుక్కునేవాళ్ళలాగే వీళ్ళు పాపాన్ని పదేపదే కడుక్కుంటారట. భక్తి ఉన్న ఇంట్లో భక్తి రూపంలో వస్తుంది, ఏ మతంలోనైనా ఉంది అన్నారు. మందులు రాశారు. తర్వాత నా వైపు తిరిగి, "పాస్టర్ గారూ, మీరు రోజుకి ఎన్నిసార్లు ఆవిడకి ధైర్యం చెప్తున్నారు?" అని అడిగారు. చెప్పాను.

"అది మానండి. మీరు చెప్పే ప్రతి ధైర్యం ఆవిడకి ఇంకో బాప్తిస్మం లాంటిది."

క్రైస్తవుడు కాని ఆయన నోట ఆ మాట వినడం నాకు వింతగానే అనిపించింది, కానీ నా సేవలో నన్ను ఎవరూ అంత సూటిగా సరిచేయలేదు. ఇక నుంచి ఆ ప్రశ్న వారానికి ఒక్కసారే, ఆదివారం ఆరాధన అయ్యాక, మా ఆవిడ పక్కనుండగా. మిగతా రోజుల్లో ఫోన్ చేస్తే "ఆదివారం మాట్లాడుకుందామమ్మా" అని మాత్రమే అనాలి. మొదటి వారం నరకం చూశాం ఆవిడా, నేనూ. ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చోవడం పాస్టర్‌కి ఎంత కష్టమో ఇంకో పాస్టర్‌కే తెలుస్తుంది.

ఆ రోజుల్లోనే నేను ఇంగ్లీషు కవి విలియం కౌపర్ సంగతి మళ్ళీ చదివాను. అమేజింగ్ గ్రేస్ రాసిన జాన్ న్యూటన్‌కి ఓల్నీ ఊళ్ళో పొరుగువాడు, స్నేహితుడు, ఇద్దరూ కలిసి కీర్తనలు రాశారు, 1779లో అచ్చయ్యాయి. కౌపర్‌కి అంతకుముందే, 1763లో, ప్రాణం తీసుకోబోయేంత మనోవ్యాధి వచ్చింది. సెయింట్ ఆల్బన్స్‌లో కాటన్ అనే డాక్టర్ దగ్గర ఉన్నప్పుడే నెమ్మది దొరికి నమ్మకంలోకి వచ్చాడు. 1773 జనవరిలో మళ్ళీ కుప్పకూలాడు. నీ పని అయిపోయింది, నువ్వు నశించావు అని కలలో ఒక మాట విన్నాడట. అప్పటి నుంచి 1800లో చనిపోయేదాకా 27 ఏళ్ళు తాను దేవుడు విడిచేసినవాణ్ణే అనుకున్నాడు, చర్చి గడప తొక్కలేదు. విచిత్రం చూడండి, నిజమైన విశ్వాసి నశించడు అన్న సిద్ధాంతం కౌపర్‌కీ తెలుసు, న్యూటన్‌కీ తెలుసు. మిగతా అందరికీ అది వర్తిస్తుంది, నాకొక్కడికే కాదు అనుకున్నాడు. నా దగ్గరికొచ్చిన ఆవిడ అన్న గొర్రెల మాటే అది. న్యూటన్ ఏం చేశాడంటే, 1773లో కౌపర్‌ని తన ఇంట్లోనే ఏడాదికి పైగా పెట్టుకున్నాడు. వాదించి గెలవలేదు. కౌపర్ పోయాక కూడా ఆయన రక్షణ మీద న్యూటన్‌కి అనుమానం రాలేదు.

నాకు అక్కడ రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, ఇది రెండు నెలల్లో తేలే కేసు కాకపోవచ్చు. రెండు, రక్షణ ఉందన్న నిశ్చయత లేకపోవడం వేరు, రక్షణ లేకపోవడం వేరు. ఈ రెండో సంగతి మన పెద్దలు ఎప్పుడో రాసిపెట్టారు, మనమే చదవం. 1618, 19ల్లో హాలండులోని డోర్ట్‌లో కూర్చున్న సంఘ పెద్దల సభ ఈ నిలకడ సిద్ధాంతాన్ని గట్టిగా నిలబెట్టిన సభ, కానీ దాని తీర్మానాల్లో ఐదో భాగం తెరిస్తే దావీదు, పేతురు పేర్లు చెప్పి, పరిశుద్ధులు ఘోరంగా పడతారు, కొంతకాలం దేవుని దయ తమ మీద ఉందన్న స్పృహ కూడా పోగొట్టుకుంటారు అని ఒప్పుకుంటుంది. తర్వాతి తరంలో లండన్‌లో రాసిన వెస్ట్‌మినిస్టర్ ఒప్పుకోలు ఇంకా స్పష్టంగా, నిజమైన విశ్వాసి కూడా నిశ్చయత కోసం చాలాకాలం కనిపెట్టాల్సి రావచ్చు అంటుంది. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ దొరలు నా వాట్సాప్ మెసేజ్ కన్నా మనుషుల్ని బాగా ఎరుగుదురు.

వాక్యం దగ్గరికి, ఈసారి నెమ్మదిగా

ఆదివారాలు మొదలయ్యాయి. ముందు హెబ్రీ 6నే తీశాను, ఎందుకంటే తప్పించుకుంటే దానికి బలమెక్కువవుతుంది. ఆవిడ ఆరో వచనం దగ్గర ఆగిపోయేవారు. చదవండమ్మా, ముందుకి అన్నాను. ఏడు, ఎనిమిది వచనాల్లో వాన తాగిన భూమి ఉంది, ఒక భూమి పంటనిస్తుంది, ఇంకోటి ముండ్లతుప్పలు. వీళ్ళకి ఎకరంన్నర వరి చేను ఉండేది, భర్త ఉన్నప్పుడు కలుపు తీసిన చేతులే. "ఊద లాగాండీ?" అన్నారు ఆవిడే. ఊద వరిలో వరిలానే ఉంటుంది, అదే నీళ్ళు తాగుతుంది, అదే యూరియా తింటుంది, వెన్ను తీసేదాకా కొత్తవాళ్ళు గుర్తుపట్టలేరు. ఆ వచనాల్లో చెప్పిన వెలుగు, రుచి, అన్నీ వాన లాంటివి. వాన పడ్డంత మాత్రాన వరి అని కాదు. ఈ భాగం మీద పండితుల్లో తేడాలున్నాయి, నేను చదివే పద్ధతి ఇది. వెంటనే తొమ్మిదో వచనంలో రాసినాయనే, ఇలా చెప్తున్నా మీరు ఇంతకంటె మంచిదీ రక్షణకరమైనదీ అయిన స్థితిలోనే ఉన్నారని రూఢిగా నమ్ముతున్నాం అంటాడు. ఆ తొమ్మిదో వచనం ఆవిడ ఎప్పుడూ చూడలేదు, ప్రసంగం అక్కడిదాకా రాలేదు.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. నేను తొందరపడి, "ఊదకి నేను ఊదనేమో అనే దిగులుండదమ్మా" అన్నాను. అందరం చెప్పే మాటే. ఒక రోజు పనిచేసింది. వచ్చే ఆదివారం ఆవిడ, "యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడు కదండీ, మత్తయి 27:3" అన్నారు. నిజమే. దిగులు పడటం ఒక్కటే రుజువైతే యూదా కూడా లోపలే ఉండాలి.

దాంతో పేతురుని, యూదాని పక్కపక్కన పెట్టి మూడు ఆదివారాలు చదివాం. యూదా యేసుని పట్టించాడు, పేతురు ఆయన్ని ఎరుగనని అబద్ధమాడాడు. ఇద్దరూ ఒకే రాత్రి పడ్డారు, ఇద్దరూ ఏడ్చారు అనొచ్చు. యూదా పట్టించినందుకు వచ్చిన డబ్బు పట్టుకుని యాజకుల దగ్గరికి వెళ్ళాడు. పేతురు, ఆ తర్వాత ఒక పొద్దున్న, ఒడ్డున ఉన్నది ప్రభువని తెలియగానే బట్ట చుట్టుకుని నీళ్ళలో దూకాడు. కానీ పేతురు దూకింది అతని గుండె గట్టిదై కాదు. లూకా 22:32లో, కోడి కూయకముందే, పేతురు ఒక్క అబద్ధం కూడా ఇంకా ఆడకముందే, "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అని యేసు చెప్పేశాడు. పడటానికి ముందే. ప్రార్థన అయిపోయింది, పడటం ఇంకా జరగలేదు.

ఆవిడ చాలాసేపు ఆ వచనం మీద వేలు పెట్టి కూర్చున్నారు. తర్వాత, "అయితే ఆ కార్డు చింపక ముందేనంటారా?" అని అడిగారు.

అప్పుడే నేను ఆ రాత్రి సరిగ్గా ఏమన్నారో మళ్ళీ చెప్పమన్నాను. ఆవిడకి ఇష్టం లేదు, నోట రానివ్వడానికే భయం. చివరికి చెప్పారు: "నువ్వు లేవు. ఉన్నా నాకొద్దు."

"లేడు అనలేదు కదమ్మా. లేవు అన్నారు."

అర్థం కానట్టు చూశారు. దేవుడు లేడు అనుకున్న మనిషి దేవుడు లేడు అంటాడు. నువ్వు లేవు అనడానికి ఎదురుగా ఒకడుండాలి. మొగుడు పోయిన మనిషి అర్ధరాత్రి పొయ్యి ముందు నిలబడి ఇంకెవరితోనూ కాక ఆయనతోనే తగువాడింది. కీర్తనల గ్రంథంలో ఇలాంటి తగువులు బోలెడు, 88వ కీర్తన చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది, అయినా అది బైబిల్లోనే ఉంది. దీన్ని నేను రుజువుగా చెప్పలేదు, రుజువులు పోగేయడం మొదలుపెడితే మళ్ళీ నోటుపుస్తకం తెరుచుకుంటుంది. ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మా ఆవిడతో వంటింట్లోకి వెళ్ళి, తాను వచ్చిన ఇన్ని వారాల్లో మొదటిసారి కాఫీ అడిగి తాగారు.

ఇంకొక్క సంగతి, మన తెలుగు బైబిల్ చదివేవాళ్ళకి దొరికేది. ఫిలిప్పీ 1:6లో ఈ సత్‌క్రియ ఆరంభించినవాడు క్రీస్తు దినము వరకు దానిని "కొనసాగించును" అని ఉంది. 2:12లో భయముతోను వణకుతోను మీ సొంతరక్షణను "కొనసాగించుకొనుడి" అని ఉంది. గ్రీకులో ఇవి రెండు వేరే క్రియలు, మన అనువాదకులు రెండు చోట్లా ఒకే మాట వాడారు. ఆవిడ ఇన్నాళ్ళూ రెండోది మాత్రమే చదివారు, కొనసాగించుకోవాల్సిందంతా తానే అని. ఆ వెంటనే ఉన్న 13వ వచనంలో మీలో కార్యసిద్ధి కలుగజేసేవాడు దేవుడే అని ఉంది. ఆయన కొనసాగిస్తాడు కాబట్టే మనం కొనసాగించుకోగలం. మొదటి పేతురు 1:5 కూడా అంతే, దేవుని శక్తిచేత కాపాడబడతాం, కానీ విశ్వాసము ద్వారా. కాపాడటం అంటే నిద్రపోతున్నవాణ్ణి మంచంతో సహా మోసుకెళ్ళడం కాదు, వాడి చేత నడిపిస్తూ తీసుకెళ్ళడం.

తమ్ముడి సంగతి

ఈ చివరి మాట నిజానికి ఆ తమ్ముడి కోసం నేర్చుకున్నాను. అక్కని బండి మీద దింపడానికి వచ్చేవాడు, మందిరం లోపలికి రాడు, గేటు దగ్గర సిగరెట్. పదేళ్ళుగా ఏ ఆరాధనకీ వెళ్ళడు, తాగుడు, ఇంట్లో భార్య మీద చెయ్యి చేసుకుంటాడని అక్కే చెప్పింది. ఒక రోజు నేనే బయటికెళ్ళి కదిపాను. "నాకేం భయం లేదండీ. నాకు డేట్ ఉంది. ఒకసారి రక్షణ పొందితే పోదు కదా, మీరే చెప్తారు" అన్నాడు. అక్కకి మూడు తేదీలున్నాయి, ఒక్క రాత్రి నిద్ర లేదు. తమ్ముడికి ఒకే తేదీ, హాయిగా నిద్ర.

అతనికి నేను యోహాను 10 చదవలేదు. అతను దాన్ని ఎప్పుడో జేబులో వేసుకున్నాడు. మత్తయి 7 చదివాను, ప్రభువా ప్రభువా అన్నవాళ్ళతో నేను మిమ్మును ఎన్నడును ఎరుగను అనే భాగం. ఇన్నాళ్ళు ఎరిగి ఇప్పుడు మరిచాను అనడు అక్కడ, ఎన్నడును అంటాడు. మొదటి యోహాను 2:19 కూడా చదివాను, మన సంబంధులైతే మనతోనే నిలిచి ఉండేవారు అని. కాలువలో మునిగిన ప్రతివాడూ నిలబడతాడని ఈ సిద్ధాంతం ఎక్కడా చెప్పదు బాబూ, నిజంగా ఆయనవాడైతే నిలబడతాడు, నిలబడటమే దాని గుర్తు అంటుంది అన్నాను. ముందు ఇంట్లో చెయ్యి చేసుకోవడం ఆపు, అది ఆగకపోతే మీ ఆవిణ్ణి పుట్టింటికి పంపే ఏర్పాటు, అవసరమైతే కేసు పెట్టించే ఏర్పాటు కూడా నేనే దగ్గరుండి చూస్తాను అని కూడా అన్నాను.

మొహం మాడ్చుకుని, "అక్కకో మాట, నాకో మాట చెప్తారేంటండీ?" అన్నాడు.

"అక్కకి చెప్పిన మాట నువ్వు తీసుకుపోయావు, నీకు చెప్పిన మాట ఆవిడ తీసుకుపోయింది. ఎవరిది వాళ్ళకి తిరిగి ఇస్తున్నాను."

బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు. చాలాకాలం రాలేదు.

సంఘంలో జరిగేది ఇదే అనిపిస్తుంది నాకు. పుల్పిట్ మీద నుంచి హెచ్చరిక చెప్తే తమ్ముళ్ళు నిద్రపోతారు, అక్కలు నోట్ చేసుకుంటారు. వాగ్దానం చెప్తే అక్కలు అది నాది కాదంటారు, తమ్ముళ్ళు ఆమెన్ అంటారు. అందరికీ ఒకేసారి చెప్పే ప్రసంగంతో ఇది సరికాదు, మనిషిని విడిగా చూసి చెప్పాలి. డోర్ట్ సభ కూడా హెచ్చరికల్ని, వాగ్దానాల్ని రెండింటినీ దేవుడు తనవాళ్ళని నిలబెట్టడానికి వాడే సాధనాలు అనే అంటుంది. సాధనం అన్నాక ఎవరి చేతికి ఏది ఇవ్వాలో చూసుకోవాలి కదా.

ఇప్పటి పరిస్థితి

బాప్తిస్మం ఇవ్వలేదు. జూన్‌లో కాలువ వదిలారు, అడిగారు, ఇవ్వనమ్మా అన్నాను. మొదటిది చాలు, అది మీరు పట్టుకున్న తీరు బట్టి కాదు నిలిచింది అన్నాను. ఏడ్చారు, మూడు రోజులు మాట్లాడలేదు. అదే జూలైలో నలుగురికి బాప్తిస్మాలున్నాయి, ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని నిలబడతారా అని మా ఆవిడ అడిగితే ఒప్పుకున్నారు. నలుగురూ పైకొచ్చేదాకా అక్కడే ఉన్నారు, ఒక్కసారి మాత్రం చెప్పులు విప్పి మెట్టు దిగి పాదాలు తడుపుకుని మళ్ళీ పైకొచ్చారు. నేను చూశాను, ఏమీ అనలేదు.

ఆ నవంబరులో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నారు. చెయ్యి వణికింది. అయోగ్యంగా అన్న మాట గురించి కొరింథీ సంఘంలో అసలు ఏం జరిగిందో, ఆకలిగొన్నవాళ్ళని వదిలేసి తిని తాగిన సంగతి, ముందే రెండు ఆదివారాలు చదువుకున్నాం.

మందులు ఇప్పటికీ వాడుతున్నారు. మోతాదు తగ్గించారు డాక్టర్ గారు. మధ్యలో ఒకసారి, ఇక విశ్వాసంతో ఉంటానని ఆవిడే ఆపేస్తే, పది రోజుల్లో మళ్ళీ రాత్రి ప్రార్థనలు ముప్పైకి వెళ్ళాయి. విశ్వాసంతోనే వేసుకోండమ్మా అని మా ఆవిడ మాత్ర చేతిలో పెట్టింది. భయం పూర్తిగా పోలేదు. పోతుందని నేను మాట ఇవ్వలేదు. నోటుపుస్తకంలో ఆ చివరి పేజీ చింపేశారా అని అడగలేదు, చింపమనలేదు కూడా, ఇంకో కార్డు చింపినట్టవుతుందేమో అని.

తమ్ముడు ఈ మధ్య రెండు ఆదివారాలు గేటు దగ్గర కాకుండా లోపల చివరి కుర్చీలో కూర్చున్నాడు. భార్య ఇంకా పుట్టింట్లోనే ఉంది. అతని గురించి నేనేం రాయను, రాయాల్సినంత జరగలేదు.

పోయిన నెల ఆవిడ నుంచి నాకు రెండే ఫోన్లు వచ్చాయి. ఒకటి రాత్రి పదకొండింటికి, పాత ప్రశ్నే. ఆదివారం మాట్లాడుకుందామమ్మా అన్నాను, సరేనండీ అని పెట్టేశారు. ఇంకోటి శనివారం పొద్దున్నే, మర్నాడు ప్రేమ విందుకి బియ్యం ఎన్ని కేజీలు తీయమంటారని.